ఫొటో మూలన చీరకొంగు

పొయ్యి మీద అన్నం అడుగంటుతున్న వాసన ఇల్లంతా నిండింది. ఎస్తేరు పొయ్యి ముందే కూర్చుని ఉంది. గిన్నె దించలేదు.

"అన్నం మాడుతాంది," అన్నాడు ఆమె భర్త గుర్వయ్య.

"మాడనియ్యి. తినేటోళ్లు ఎవలున్నరు?"

మనుషులు లేక కాదు. వాకిట్లో ఇరవై మంది దాకా ఉన్నారు. తెల్లారినప్పటి నుంచి ఒక్కొక్కరే వచ్చి, ఎవరూ పిలవకుండానే కూర్చున్నారు. ప్యాకింగ్ ప్లాంటులో సిమెంటు బస్తాలు లారీలకెత్తే జట్టు వాళ్లు, వాళ్ల ఆడవాళ్లు. జట్టు మొత్తం ఇరవై రెండు మంది. మూడు రోజులుగా ఒక్కరి గేట్ పాసు కూడా పనిచేయడం లేదు. గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ కార్డుల్లో రెండు ఈ ఇంటివే. ఒకటి గుర్వయ్యది, ఒకటి అతని కొడుకు ప్రేమ్‌సాగర్‌ది.

ఎర్ర దీపానికి కారణమైనవాడు లోపలి అర్రలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

వచ్చినవాళ్లు తిట్టి ఉంటే బాగుండునని గుర్వయ్యకు అనిపించింది. తిట్టినవాళ్లను ఎదురు తిట్టొచ్చు. తల వంచుకుని పుల్లతో మట్టి మీద గీతలు గీస్తున్నవాళ్లను ఏమనాలి? వాకిట్లోకి పోలేక గడప మీద నిలబడ్డాడు. లోపలా కాదు, బయటా కాదు. యాభై ఏళ్ల బతుకంతా అక్కడే నిలబడినట్టుంది అతనికి.

చివరికి బిక్షమ్మ నోరు విప్పింది.

"గుండ్రంగ ఎందుకేస్తమో పోరనికి చెప్పలేదా నువ్వు?"

కొడుకుకు గుర్వయ్య చెప్పాడు. కానీ అది పద్ధతి అని చెప్పాడే తప్ప, ఎందుకో చెప్పలేదు.

జట్టు ఏ కాగితం ఇచ్చినా పేర్లు వరుసగా రాయరు. కాగితం మీద అన్నం తినే కంచం బోర్లించి చుట్టూ గీత గీస్తారు. ఆ గీత మీద వేలిముద్రలు వేస్తారు. సంతకం వచ్చినవాళ్లు కూడా వేలే పెడతారు. గుండ్రానికి మొదలుండదు. ఎవడు ముందు వేశాడో, ఎవడు ఎవడిని ఎగదోశాడో పైవాడు కనిపెట్టలేడు. క్వారీలో రాళ్లు కొట్టినవాళ్ల కాలం నుంచి వస్తున్న తెలివి అది. బడి మొహం చూడని మనుషుల తెలివి.

ఈసారి కాగితంలో అడిగినవి రెండే. ప్యాకింగ్ దగ్గర దుమ్ము గుంజే మిషను చెడిపోయి ఎనిమిది నెలలైంది, దాన్ని బాగు చేయించాలి. దుమ్ము మింగి మింగి నెత్తురు దగ్గుతున్న లింగయ్యను ఫ్యాక్టరీయే పట్నం దవాఖానలో చూపించాలి. లింగయ్య ఎవరో కాదు, బిక్షమ్మ పెనిమిటి.

ఇంటర్ దాకా చదివాడు, చేతిరాత బాగుంటుందని ప్రేమ్‌సాగర్‌తో రాయించారు. రాశాడు. కంచం గీత మీద ఇరవై రెండు వేళ్లు పడ్డాయి. అందరూ పోయాక, ఆ గుండ్రం నడిమధ్యలో ఎర్ర ఇంకుతో తన పేరు రాసుకున్నాడు. పెద్ద అక్షరాలతో. కాగితాన్ని రొమ్ముకు ఆనించుకుని వీడియో తీసి అందరూ చూసేలా ఫోన్లో పెట్టాడు. వీడియో వెనక, పోయిన నెల వచ్చిన సినిమా పాట. కింద ఆ సినిమాలో హీరో అనే మాట: నా వెనక ఎవడూ లేడు, నా ముందు ఎవడూ నిలవడు.

పొద్దున పెట్టాడు. సాయంత్రానికి గేటు దగ్గర ఎర్ర దీపాలు.

పదకొండు దాటాక దస్తగిరి మోటార్ సైకిల్ దిగి వాకిట్లోకి వచ్చాడు. జట్టులో మాటకారి. ఏ కబురైనా ముందు అతనికే తెలుస్తుంది.

"దశరథ్ ఫోన్ చేసిండు," అన్నాడు.

దశరథ్ లోడింగ్ కాంట్రాక్టరు. పుల్లలతో గీస్తున్న చేతులు ఆగాయి.

"రెండు గంటల షిఫ్టు సైరన్ కంటె ముంగట పోరడు గేటు కాడికి రావాల్నంట. ఫోన్ వీడియోల ఒక్క ముచ్చట చెప్పాల్నంట. చెప్పంగనే ఇరవై ఒక్క కార్డులకు పచ్చ దీపం వెలుగుతదంట."

"ఏం చెప్పాలె?" అన్నాడు గుర్వయ్య.

"కాగితం నాదే. రేషన్ కార్డుల కాగితమని చెప్పి ముద్రలేపిచ్చిన. జట్టుకు ఏం ఎరుక లేదు. నా ఎన్క ఎవ్వలు లేరు, నేనొక్కన్నే జేసిన. గంతే."

"గంతేనా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఆ గొంతులో ఉన్నది కోపం కాదు. వాకిట్లో భుజాలన్నీ కొంచెం కిందికి దిగడం గుర్వయ్య చూశాడు. తన భుజాలూ దిగాయి. మూడు రోజుల తర్వాత ఊపిరి ఆడినట్టయింది. అది తెలిసి చెవులు కాలాయి. కొడుకు దొంగనని చెప్పుకుంటే తండ్రికి ఊపిరాడడమేమిటి?

అర్ర తలుపు తెరుచుకుంది.

ప్రేమ్‌సాగర్ బయటికి వచ్చాడు. ఇరవై మూడేళ్లవాడు. సినిమా చూసినప్పటి నుంచి గడ్డం పెంచుతున్నాడు. అది ఇంకా పూర్తిగా రాలేదు.

"నేను చెప్త," అన్నాడు. "నింద నా మీద వేస్కుంట. మీరందరు పనిల వడుండ్రి. జైలుకు పోతే నేనొక్కన్నే పోత."

"బిడ్డా, జర చాయ్ తాగి మాట్లాడు," అన్నాడు దస్తగిరి. "ఇంకా ఇంటర్వెల్ గాలే."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. ప్రేమ్‌సాగర్ మొహం కందింది.

"నువ్వు నవ్వు చిన్నాయినా. రేపు నీ కార్డుకు పచ్చ దీపం వెలిగినప్పుడు గూడ నవ్వు."

"నవ్వుత. నీ పేరు తల్సుకోని నవ్వుత. ఇంకేం జేయాలె మరి?"

బిక్షమ్మ కాలు సర్దుకుని కూర్చుంది. ఆమె ఎడమ పాదానికి రెండు వేళ్లు లేవు. ఎక్కడ కూర్చున్నా ఆ కాలు చీర కింద దాచుకోవడం అలవాటు.

"మరి మీ మామ ముచ్చటేంది కొడుకా?" అంది.

"ఏం ముచ్చట అత్తా?"

"ముద్రలు దొంగవని నువ్వే చెప్పినంక, కాగితం దొంగదే అయితది. మీ మామ దగ్గు గూడ దొంగదే అయితది. మల్ల ఏ మొకం వెట్టుకోని అడుగుదుమ్?"

"నేనున్న గద. బయటికొచ్చినంక కొట్లాడుత. మామ కోసం ఒక్కన్నే కొట్లాడుత."

"ఒక్కనివే."

"ఆఁ. ఒక్కన్నే."

బిక్షమ్మ కొంగు చివర ముడి విప్పి, మళ్లీ వేసింది.

"గా సినిమా నేను గూడ చూసిన బిడ్డా. దశరథే గద జట్టు మొత్తానికి టికెట్లు తీసింది. సమోసలు గూడ తెప్పిచ్చిండు. అండ్ల మనం ఏం జేసినం?"

"మనమేంది?"

"ఊరోళ్లు. మనసొంటోళ్లు. సినిమా సురువైనకాంచి దండం వెట్టుకుంట నిలవడ్డం. తన్నులు తిన్నం. ఏడ్సినం. వాడొచ్చి గొడ్డలెత్తంగనే చేతులెత్తినం. మల్ల దండం వెట్టినం. మూడు గంటలల ఒక్కతన్న నోరు తెరిచిందా?"

"నేను తెరిసిన అక్కా," అన్నాడు దస్తగిరి. "గుడిసెలు తగలవడ్డ కాడ అయ్యో అన్న."

"సేటును నరికే కాడ దశరథ్ లేసి ఈల గొట్టిండు," అంది బిక్షమ్మ, అతని మాట విననట్టే. "నా ముంగటి కుర్సీల ఉన్నడు. మనిషికి ఏం ఫికర్ లేదు. నాకు అప్పుడు సమజ్ గాలే. ఇయ్యాల అయింది. ఒక్కడంటె వానికి ఏం భయం? ఒక్కని కార్డు ఒక్క నిమిషంల బంద్ జేస్తడు. అందుకే నిన్ను ఒక్కన్నే అని చెప్పమంటాండు."

ప్రేమ్‌సాగర్ గొంతు పెరిగింది.

"సినిమా, సినిమా అంటరేందత్తా? సినిమా జూసి నేర్చుకున్ననా నేను? ఇగో, గీ గోడ జూసి నేర్చుకున్న. మా నాయిన ఒక్కడే లారీ ఆపలేదా? ఆయన ఆపితె గొప్ప, నేను జేస్తె లొల్లినా?"

అందరి తలలూ గోడవైపు తిరిగాయి.

తలుపు పైన, యేసుప్రభువు పటం పక్కన, ప్లాస్టిక్ అంటించిన పేపరు ముక్క. జిల్లా పేజీలో వచ్చిన ఫొటో. క్వారీ బాట. పెద్ద లారీ మూతి. దాని ముందు కుడి చెయ్యి పైకెత్తి నిలబడ్డ సన్నటి పడుచువాడు. గుర్వయ్య. బొమ్మలో ఇంకో మనిషి లేడు. కింద ఎడమ మూలన మాత్రం నేల మీద నల్లటి గుడ్డ పేలిక ఒకటి పడి ఉంది.

ఇరవై నాలుగేళ్లుగా ఆ ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు ఆ ఫొటో చూపించేవాళ్లు. బిక్షమ్మ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఒక్కనాడు కూడా దానివైపు తల ఎత్తలేదు.

ఇవాళ ఎత్తింది.

"జర దించు దాన్ని," అంది.

గుర్వయ్య కదలలేదు. ప్రేమ్‌సాగరే స్టూలేసుకుని దించి, తువ్వాలతో తుడిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె మూలన ఉన్న పేలిక మీద వేలు పెట్టింది.

"ఇదేంది బిడ్డా?"

"జెండా. పోలీసోళ్లు గుంజి పారేసిండ్రు."

"ఎవలు చెప్పిండ్రు?"

"నాయిన."

బిక్షమ్మ ఫొటోను ఒళ్లో పెట్టుకుంది. ఎప్పుడూ తమ్మీ అని పిలిచే మనిషి.

"గుర్వయ్యా," అంది. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

ఎస్తేరు లేచి గిన్నె దించింది. గుర్వయ్య గడప దిగి వాకిట్లోకి వచ్చాడు. అబద్ధం ఒకటి నోటి దాకా వచ్చింది, చాలా ఏళ్లుగా అక్కడే కాపురమున్నట్టు. దాన్ని మింగడానికి కొంతసేపు పట్టింది.

"అది జెండా గాదు," అన్నాడు. "మీ అత్త చీరకొంగు."

ప్రేమ్‌సాగర్ అర్థం కానట్టు చూశాడు.

"అత్త యాడుంది?"

"పక్కకు. ఫొటోల వడలే. కాలు మీదికి టైరెక్కింది. కొంగు చింపి కట్టిండ్రు, మిగిలిన పేలిక ఆడ వడ్డది."

"లారీ ఆపింది నువ్వు గద."

"ఆపింది ఆడోళ్లు. పదకొండు మంది. క్వారీల బండ మీద వడి మారెమ్మ సచ్చిపోయింది. శవం ఎత్తకముందుకే లారీలు నడపమన్నరు. వీళ్లు బాటకు అడ్డం వండుకున్నరు."

"నువ్వు?"

గుర్వయ్య దస్తగిరివైపు చూశాడు. దస్తగిరి తన మోటార్ సైకిల్‌వైపు చూస్తున్నాడు.

"ఈతవనంల ఉన్న. మొగోళ్లమందరం ఆడనే ఉన్నం. కేసులైతె మొగోళ్ల మీదనే అయితయి, ఆడోళ్లను పోలీసులు ముట్టరు అనుకున్నం. లారీ ఆగిందని ఎరుకైనంక వచ్చిన."

"మరి ఫొటో?"

"పేపరాయన వచ్చిండు. ఆడోళ్లు పండుకున్నది తీస్తె బాగుండదన్నడు. ఎవలన్న మొగోడు నిలవడాలె అన్నడు. నేను ముంగటున్న. 'మీరు జర పక్కకు జరుగుండ్రి, ఒక్కడే ఉండాలె' అన్నడు. మీ అత్తను ఇద్దరు సంకల కింద చేతులేసి పక్కకు జరిపిండ్రు. నేను నిలవడ్డ."

"చెయ్యెత్తింది?"

"ఆయన ఎత్తుమన్నడు."

ప్రేమ్‌సాగర్ ఫొటోవైపు వంగాడు. చిన్నప్పటి నుంచి వేల సార్లు చూసిన లారీని కొత్తగా చూస్తున్నాడు.

"డ్రైవరు?"

ఆ ఒక్కటి అడగకపోతే బాగుండునని గుర్వయ్య లోపల్లోపల ప్రార్థిస్తూనే ఉన్నాడు.

"అప్పటికి లారీల డ్రైవర్ లేడు. బీడీ తాగపోయిండు."

ఎవరూ నవ్వలేదు. ఆఖరికి దస్తగిరి కూడా.

ప్రేమ్‌సాగర్ తల్లివైపు తిరిగాడు. "నీకెరుకనా అమ్మా?"

"లగ్గమైన ఏడే ఎరుక."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఏడిస్తె ఎత్తుకోని ఆ ఫొటోనే చూపిచ్చేటోడు. నువ్వు ఊర్కుండేటోనివి," అంది ఎస్తేరు. "ఊర్కున్న పిల్లగాణ్ణి మల్ల ఏడిపియ్యాల్నా అనుకున్న. గట్లనే గట్లనే ఇరవై ఏండ్లయింది."

కొడుకు తిడతాడని గుర్వయ్య ఎదురుచూశాడు. రెండు మాటలన్నా పడాలని ఉంది. వాడు తిట్టలేదు. అర్రలోకి వెళ్లి అంగీ తొడుక్కుని వచ్చాడు. తండ్రి పక్క నుంచే నడిచి, తగలకుండా భుజం పక్కకు తీసుకుని పోయాడు. మురికి కాలువ పక్కన ఉన్నవాళ్లు అలా తీసుకుంటారు భుజాన్ని.

వాడి మోటార్ సైకిల్ చప్పుడు ఫ్యాక్టరీ రోడ్డువైపు వినిపించింది.

"చెప్పతందుకే పోయిండు," అన్నాడు దస్తగిరి. "మంచిదో చెడ్డదో, ఒడుస్తది."

"ఎస్తేరూ," అంది బిక్షమ్మ. "కంచం తే. కాగితం తే. నువ్వు పాటలు రాస్కుంటవ్ గద ప్రార్థనకు. నువ్వే రాయి."

ఎస్తేరు పాటల పుస్తకంలోంచి ఒక కాగితం చింపింది. బిక్షమ్మ చెప్పింది, ఎస్తేరు రాసింది: మొన్న వేసిన ముద్రలు మావే. మమ్ముల ఎవరూ మోసం చేయలేదు. చదివి వినిపిస్తేనే వేసినం.

మాడిన అన్నం కోసం తీసిన కంచమే కాగితం మీద బోర్లించారు. బిక్షమ్మ మొదట వేలు పెట్టింది. లింగయ్య బదులు కాదు, తనది. తర్వాత ఇద్దరు ఆడవాళ్లు పెట్టారు. మగవాళ్లలో కొందరికి ఉన్నట్టుండి ఇంట్లో పనులు గుర్తొచ్చాయి. దస్తగిరి వాకిలి దాటి నాలుగడుగులు వేసి, ఏమనుకున్నాడో, తిరిగొచ్చాడు.

"థూ, నా బతుకు," అని వేలు పెట్టాడు. "ఇగ మా ఇంట్ల చెప్పెటోళ్లు ఎవలు?"

పద్నాలుగు ముద్రలయ్యాయి. గుర్వయ్య వంగి బొటనవేలు సిరా డబ్బీలో ముంచాడు. కాగితం దాకా చెయ్యి వచ్చింది.

బిక్షమ్మ కంచాన్నీ కాగితాన్నీ తనవైపు లాక్కుంది.

"నీది ఇప్పుడు గాదు."

"అక్కా, చెప్పిన గద."

"ఇంట్ల చెప్పినవ్. ఇంట్ల ఎరుకైనోళ్లకే చెప్పినవ్. అబద్ధం పేపర్ల వచ్చింది. నిజం వాకిట్లనే ఉంటె సరిపోతదా? గేటు కాడ, దశరథ్ ముంగట, నీ కొడుకు ముంగట చెప్పు. ఆడ వెయ్యి." కాగితం మీద గుండ్రంలో ఒక చోట వేలితో చూపింది. "నీకు జాగ ఇడిసిపెట్టిన."

అతని బొటనవేలు నల్లగా అలాగే ఉండిపోయింది. తుడుచుకుంటే తప్పు, తుడుచుకోకపోతే సిగ్గు.

రెండుకు పది నిమిషాలుందనగా గేటు దగ్గరికి చేరారు. దారి పొడవునా గుర్వయ్య చంకలో ఫొటో. బిక్షమ్మ కుంటుతూ ముందు నడిచింది. ఆమె వెనక నడుస్తుంటే ఆ కుంటు అడుగు ఒక్కొక్కటీ లారీ ఆపింది ఎవరో తనకు చెబుతున్నట్టే ఉంది.

రెండు గంటల షిఫ్టుకు వచ్చిన వేరే జట్ల వాళ్లు గేటు బయట గుంపుగా ఉన్నారు. తెల్లటి దుమ్ము అందరి కనురెప్పల మీదా. నడుమ ప్రేమ్‌సాగర్ నిలబడి ఉన్నాడు. ఎదురుగా దశరథ్, మంచి చొక్కా, చేతిలో ఫోన్. కోపంగా లేడు. పెండ్లి ఫొటోలు తీసేవాడి ఓపికతో ఉన్నాడు.

"రా గుర్వయ్యా, మంచి టయానికొచ్చినవ్," అన్నాడు. "కొడుకు బుద్ధిమంతుడే. జర సినిమాలు ఎక్కువైనయి, గంతే."

గుర్వయ్య చెప్పడానికే వచ్చాడు. మాట నాలుక మీదే ఉంది. కొడుకు పక్కన నిలబడి చంకలోని ఫొటో బయటికి తీశాడు. ప్రేమ్‌సాగర్ చూపు దాని మీద పడి, అక్కడి నుంచి తండ్రి నల్లటి బొటనవేలు మీదికి వచ్చింది.

"నాయినా," అన్నాడు. అంతే అన్నాడు. అడుగుతున్నాడో, పిలుస్తున్నాడో.

దశరథ్ ఫోన్ ఎత్తి, కళ్లు చికిలించి చూశాడు. అందరికీ వినిపించేలా అన్నాడు.

"మీరు జర పక్కకు జరుగుండ్రి. పోరడు ఒక్కడే ఉండాలె."

గుంపు జరిగింది. ముద్ర వేసిన ఆడవాళ్లూ ఒక అడుగు జరిగారు. దస్తగిరి జరిగాడు. బిక్షమ్మ జరగలేదు. కాగితం రొమ్ముకు పట్టుకుని, ఆ రెండు వేళ్లు లేని పాదాన్ని మొదటిసారి చీర బయటికి పెట్టి, పిల్లవాడి పక్కనే నిలబడింది.

ప్రేమ్‌సాగర్ ఫోన్‌వైపు చూడడం లేదు. నేలవైపు చూస్తున్నాడు. వాడు చూస్తున్నదేమిటో చూద్దామని గుర్వయ్య తల వంచాడు.

దుమ్ములో తన చెప్పుల అచ్చులు. వాడి పక్కన రెండు. పక్కకు జరిగి, ఇంకో రెండు, తనకు తెలియకుండానే వేసినవి.

గేటు మీద సైరన్ మోగడం మొదలైంది.